ఇంకో మూరెడు లోతు

పోయిన నెల ధర్మవరం నుంచి హిందూపురానికి బస్సులో వస్తూ, అరవై దాటిన వయసులో, ముప్పై ఏళ్ళు బడిపంతులుగా పిల్లలకు నీతి పాఠాలు చెప్పిన తర్వాత, నేను దొంగనయ్యాను. దొంగతనం ఏమీ చేయలేదు, ఊరికే అయ్యాను. తల కిటికీ దగ్గర, కాళ్ళు నడవలో పెట్టుకుని, గోనెపట్టా కప్పుకుని నా పక్కన పడుకున్న ఆరడుగుల కొయ్య దానికి కారణం. టికెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరు ముందు దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు. "ఏంది సార్ అది?" అన్నాడు. కొయ్య అన్నాను. "అది కనపడతానే ఉండాది. ఏం కొయ్య?" మగ్గం కొయ్య అన్నాను. ఆయన గోనె అంచు వేలితో ఎత్తి "ఎర్రగా ఉండాదే!" అన్నాడు. వెనక సీటు పెద్దమనిషి లేచి వంగి, కొయ్యకు ముక్కు ఆనించి, చందనం వాసన రావడం లేదని బస్సంతటికీ వినపడేలా తీర్పు చెప్పాడు. హమ్మయ్య అనుకునేలోపల ఇంకొకాయన "ఎర్రచందనానికి వాసన ఉండదప్పా, అదే దాని గుర్తు" అన్నాడు. వాసన లేకపోవడమే నా నేరానికి సాక్ష్యమైంది. పెనుకొండలో దిగినవాళ్ళు కూడా కిటికీలోంచి నా మొహాన్ని ఒకసారి బాగా గుర్తుపెట్టుకుని మరీ దిగారు. ముందర ఆడవాళ్ళ సీట్లో ఉన్న మా ఇంటావిడ వెనక్కి తిరగనైనా లేదు.

ఇంటికి చేరాక మా ఇంటావిడ ఆ కొయ్యను వరండాలో పెట్టి, తడిగుడ్డతో తుడిచి, దాని నడుము మీద వేలు పెట్టి నిలిచిపోయింది. నేసిన చీరను ఎప్పటికప్పుడు చుట్టుకుంటూ పోయే కొయ్య అది. అరచేతులూ పట్టూ రాసుకుని రాసుకుని గాజులా నున్నబడి ఉంటుంది. అయితే దీని మధ్యలో మాత్రం చుట్టూతా లోతుగా, పాము మెలికల్లా, గాట్లు ఉన్నాయి. పట్టుదారం అట్లాంటి గాట్లు పెట్టదు. మోకు పెడుతుంది, దాని చివర ఒక చెట్టు మాను వేలాడుతూ ఉంటే. "ఇంట్లో ఇన్ని సామాన్లు ఉండగా మా నాయన దీన్ని నీకే ఇయ్యమన్నాడు. ఏంటికి?" అని అడిగింది మా ఇంటావిడ. నాకేం తెలుసు అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఆమెకు చెప్పిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అవన్నీ ఒకే గుంత గురించి.

గుంత దగ్గరికి పోయేముందు ఇద్దరు పెద్దమనుషుల్ని మీకు పరిచయం చేయాలి. ఒకరు మా నాయన. పెనుకొండ కొండకు వెనకవైపు ఉన్న మా ఊళ్ళో సేద్యం చేసేవాడు. మాదీ నేత ఇంటి వంశమే కానీ, మా నాయన చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే మా తాత మగ్గం వదిలి మడక పట్టాడు. అట్లా మా నాయన చేతికి దారం నడిపే నాడె రాలేదు, నా చేతికి మడకా రాలేదు, సుద్దముక్క వచ్చింది. మా నాయనకు ఎవరినీ నమ్మని గుణం ఉండేది. కొట్లో కొన్న ఉప్పును కూడా నాలుక మీద వేసుకుని చూసి, ఉప్పేనని తేలాక గానీ దుడ్లు ఇచ్చేవాడు కాదు. రెండో పెద్దమనిషి మా మామ, అంటే మా ఇంటావిడ తండ్రి, ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. ఆయన మాట తక్కువ మనిషి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మగ్గం చప్పుడులో కూర్చునేవాడికి మనం మాట్లాడేదేదీ చప్పుడుగా అనిపించదేమో. ఏది అడిగినా "ఊ" అనేవాడు. అందులో ఒప్పుకున్న ఊ ఏదో, వద్దన్న ఊ ఏదో ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకే తెలుసు.

ఆ గుంత సంగతి జరిగి పదేళ్ళు దాటింది. ఆ ఏడు ధర్మవరంలో వానలు ఆగకుండా పడి, మగ్గాల గుంతల్లోకి నీళ్ళు వచ్చాయి. గుంట మగ్గం అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: నేసే మనిషి నేల మీదే కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి, అందులోని తొక్కుడు కొయ్యలను తొక్కుతూ నేస్తాడు. మనకు కనిపించేది నడుము నుంచి పైకి మాత్రమే. మా మామ గుంతలో నీళ్ళు పదిరోజులు నిలిచాయి. నీళ్ళు పోయాక చెదలు వచ్చాయి. మగ్గం నాలుగు కాళ్ళూ అడుగున పుచ్చిపోయి, తాగినవాడిలా ఒక పక్కకు ఒరిగింది. ఊహ తెలిసినప్పటి నుంచి సొంత మగ్గం మీద కూర్చున్న మనిషి, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, టిఫిన్ క్యారియరు పట్టుకుని వీధి చివర ఇంకొకరి మగ్గం మీద కూలికి నేయడానికి పోవడం మొదలుపెట్టాడు. దారిలో ఎదురైన వాళ్ళు ఎక్కడికని అడక్కుండా తలకు తుండుగుడ్డ కప్పుకుని పోయేవాడని మా అత్త చెప్పి ఏడ్చింది. మా ఇంటావిడ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మగ్గం మళ్ళీ నిలబెట్టాలంటే తడికి పుచ్చని, చెదలు ముట్టని కొయ్య కావాలి.

ఆ వానలకు ముందు వచ్చిన గాలికే మా పొలం అంచున వంకలో, అదే వాగులో, ఒక ముసలి నేరేడు చెట్టు కూలింది. నీళ్ళలో పడి ఉన్నా నేరేడు కొయ్య పుచ్చదు. పాత బావుల అడుగున వేసేది దాన్నే. ఈ విషయం తెలిసిన మా నాయన, ఒక పెళ్ళి పంక్తిలో మామ పక్కన కూర్చుని, పదిమంది వినేటట్టు, "బావా, ఆ నేరేడు మాను నీదే. యాడికి కావల్లంటే ఆడికి తీస్కపో" అన్నాడు. వియ్యంకుడి ఔదార్యానికి పంక్తి అంతా తలలూపింది. నేను మాత్రం ఊపలేదు. ఎందుకంటే ఆ మాను పడి ఉన్నది రెండు నిలువుల లోతు వంకలో. అంతకు వారం ముందే మా నాయన ట్రాక్టరు పెట్టి లాగించబోతే, గట్టు విరిగి ట్రాక్టరే వంకలోకి దిగి మానుకు తోడుగా పడుకోబోయింది. డ్రైవరు దూకి, ఇంక ఈ పక్కకు రానని దండం పెట్టి పోయాడు. ఎవరూ తీసుకుపోలేని దాన్ని ఎవరికైనా ఇచ్చేయవచ్చు. మామ తన విస్తరి వైపు చూస్తూ "ఊ" అన్నాడు. అది ఏ ఊ అన్నది మాకు తర్వాతి వారం తెలిసింది.

ఒక గురువారం పొద్దున మామ మా ఊళ్ళో బస్సు దిగాడు. భుజాన గోనెపట్టా చుట్టిన పొడుగాటి వస్తువు, చేతిలో గడ్డపార, చంకలో మోకు చుట్ట, సంచిలో బావి గిలక. ఇంటికి రమ్మంటే మంచినీళ్ళు తాగి, పొలంలో మోటారు కొట్టంలోనే ఉంటానన్నాడు. అక్కడే మొదలైంది. మా నాయన లెక్క ప్రకారం మానుకోసం వచ్చిన మనిషి ముందు మాను దగ్గరికి పోవాలి. మామ వంకలోకి ఒకసారి తొంగి చూసి, వెనక్కి తిరిగి, గట్టు నుంచి ఇరవై అడుగులు లోపలికి నడిచి, నేల మీద కూలబడి, కాళ్ళు చాపి, మోచేత్తో నేలను మూరలు కొలిచి, అక్కడ తవ్వడం మొదలుపెట్టాడు. సహాయానికి కూలీలను పంపితే వద్దన్నాడు. ఎందుకు తవ్వుతున్నావంటే "లాగేకి" అన్నాడు.

సాయంత్రం మా నాయన నాకు ఫోను చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. పొలంలో ఒంటరిగా నిలబడి గొంతు ఎందుకు తగ్గించాలో ఆయనకే తెలియాలి. "ఒరే, మాను వంకలో ఉండాది. మీ మామ గట్టు మింద తవ్వుతాండాడు. మాను యాడ, గుంత యాడ? నాకేమో ఇది వేరే యవ్వారంగా కనపడతాండాది. నువ్వొచ్చి సూడు. అడగొద్దు, ఊరికే సూడు." పెనుకొండ పక్కన పుట్టినవాళ్ళకు వేరే యవ్వారం అంటే విడమరచి చెప్పనక్కరలేదు. కోట చుట్టుపక్కల ఎక్కడ ఎవరు గడ్డపార ఎత్తినా, రాజులు పోతూ పోతూ దాచిపెట్టిన బంగారు బిందె కోసమేనని అర్థం. మా చుట్టుపక్కల మరుగుదొడ్డికి గుంత తవ్వించుకున్నవాళ్ళు కూడా నాలుగు రోజులు ఇరుగుపొరుగు చూపులకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. అనుమానం అనే మాటలోనే ఒక మాను తలకిందులుగా పడి ఉందని తెలుగు పంతులుగా నాకు ఆ రోజే తోచింది.

శనివారం బడి వదలగానే స్కూటరు మీద పోయాను. గూఢచారి ఉద్యోగానికి నాకన్నా పనికిరాని మనిషి దొరకడు. నాకు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. మామ అప్పటికి నడుము లోతు గుంతలో ఉన్నాడు. గుంత గోడలు కత్తితో కోసినట్టు నిలువుగా, నాలుగు మూలలూ సూటిగా ఉన్నాయి. అటొకటి ఇటొకటి పొట్టి వేపదుంగలు పాతి, వాటి తలల్లో గాడి చెక్కి పెట్టాడు. ఇదేంటి మామా అని అడిగితే సరిపోయేది. కానీ మా వైపు అల్లుడు మామను ఇదేంటి అని అడగడం నువ్వేంటి అని అడిగినట్టే. అందుకని "ఎండ ఎక్కువగా ఉంది మామా" అన్నాను. "ఊ" అన్నాడు. "నేల గట్టిగా ఉన్నట్టుంది" అన్నాను. "ఊ" అన్నాడు. అప్పుడే గడ్డపార ఖంగుమంది. మామ ఆగి, గుంత అంచు మీద కూర్చుని, కాళ్ళు కిందికి దించి, పాదాలు ఒకసారి ఆడించి, "చాలు" అన్నాడు. ఆ చాలు నా చెవిలో ముల్లులా దిగింది. గడ్డపారకు రాయి తగిలితే ఎవరైనా రాయి అంటారు. చాలు అంటారా? ఏం దొరికితే చాలు?

ఆదివారం పొద్దున నేను పొలానికి పోయేసరికి గుంత నాలుగు మూలలా పసుపు, కుంకుమ, నిమ్మకాయలు కనిపించాయి. ఒక టెంకాయ రెండు చెక్కలై ఉంది. పని మొదలుపెట్టేముందు దండం పెట్టుకోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కానీ పెనుకొండ పక్కన గుంతా నిమ్మకాయా ఒకచోట కనిపిస్తే ఆ రెండింటినీ కలిపి ఏమని చదువుతారో ఆయనకు తెలియదు. పక్క పొలం మా చిన్నాయనది, మా నాయన తమ్ముడు. సెల్‌ఫోనుల్లో గ్రూపులు కొత్తగా వచ్చిన రోజులవి. ఆయన కంచె అవతల నుంచి ఒక ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు. కింద ఏమీ రాయలేదు. రాయనక్కరలేకపోయింది.

తొమ్మిది గంటలకల్లా గట్టు మీద ఊరు ఊరంతా ఉంది. ఆడవాళ్ళు చంకన పిల్లలతో, మగవాళ్ళు నోట్లో వేపపుల్లలతో వచ్చారు. ఒకాయన బిందె మూత తీస్తే నాగుపాము ఉంటుందన్నాడు. ఇంకొకాయన, దొరికిందంతా గవర్నమెంటుదేనని, పాము మాత్రం పొలం ఆసామిదని అన్నాడు. నవ్వులు. ఇంతలో ఎవరు చెప్పారో గానీ ఒక కానిస్టేబులు మోటారు సైకిలు మీద వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. టోపీ సర్దుకుని గుంత దగ్గరికి వచ్చాడు.

"ఏం పెద్దాయనా, ఏం తవ్వినావు?"

"గుంత."

"అది తెలస్తాంది. ఏంటికి?"

"కూర్చునేకి."

గట్టంతా పకపకా నవ్వింది. మామ నవ్వలేదు. ఆయన అబద్ధం చెప్పలేదు, అడిగినదానికి జవాబు చెప్పాడు. "అంత గుంతలో కూర్చోని ఏం జేస్తావు?" అన్నాడు కానిస్టేబులు. "లాగుతా" అన్నాడు మామ. ఎవరో "బిందెనా?" అని అరిచారు. గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి వస్తువు గుంత పక్కనే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు, ఎవరూ దాని మీద నుంచి చూపు తిప్పడమూ లేదు.

అప్పుడు మా నాయన ముందుకొచ్చి, పదిమందిలో మాను ఇచ్చిన నోటితోనే, మళ్ళీ పదిమందిలో అన్నాడు: "బావా, మాను తీస్కోమన్న గానీ మన్ను తవ్వుకోమనలేదు. నా భూమిలో నాకు తెలీకుండా ఈ నిమ్మకాయలేంది, ఈ గుంతేంది?"

మామ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూశాడు. ఇంటి అల్లుణ్ణి, చదువుకున్నవాణ్ణి, నిన్నటి నుంచి ఎండను గురించీ నేలను గురించీ ముచ్చట్లు చెబుతూ పక్కనే తిరిగినవాణ్ణి. ఒక్కమాట అంటానని చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. ఎడమ చెప్పు వారు తెగేట్టు ఉందని ఆ క్షణంలో గమనించాను. చెవులు ఎర్రబడ్డాయి. మామ తలకున్న తుండుగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ కట్టుకుని, పార తీసుకుని, తవ్విన మన్ను గుంతలోకి తోయడం మొదలుపెట్టాడు. ఒక పార, రెండు పారలు. ఆ గుంత పూడితే ఆ మాను వంకలోనే ఉండిపోతుందని, ధర్మవరంలో మగ్గం అట్లాగే ఒరిగి ఉంటుందని, ఆయన చేతిలోంచి టిఫిన్ క్యారియరు ఇంకెప్పటికీ దిగదని నాకు తెలుసు. తెలిసీ చెప్పుల వైపే చూస్తున్నాను.

మమ్మల్ని కాపాడింది బంగారం మీద ఆశే. ఊరంతా పొలానికి పోతుంటే, బిందె దొరికిందని విని, తొంభై ఏళ్ళ మా అవ్వ, మా నాయన తల్లి, కట్టె పొడుచుకుంటూ తనూ బయలుదేరింది. అందరికన్నా చివర వచ్చింది. "యాడుండాది, నన్ను సూడనీండ్రా" అంటూ జనాన్ని కట్టెతో తోసుకుని గుంత దాకా వచ్చి, చేతిని కంటికి అడ్డం పెట్టుకుని లోపలికి తొంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కట్టె పక్కన పారేసి, ఎవరూ పట్టుకునేలోపల గుంత అంచు మీద చతికిలబడి, కాళ్ళు లోపలికి దించి, పాదాలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఆడించింది.

"ఎవురప్పా ఈడ మగ్గం గుంత తవ్వినది?" అంది.

అవ్వ మా నాయన వైపు, చిన్నాయన వైపు తల తిప్పింది. "మీ నాయన గుంత అచ్చం ఇంతే ఉండె. నడుము లోతు, మూల సూటి. నేను ఆ గుంత గడ్డన కూర్చోనే మీ ఇద్దరికీ పాలిచ్చినా గదరా. నేసే ఇంట్లో పుట్టి మగ్గం గుంత తెలీదా మీకు? పోలీసాయన్ను పిలిపిస్తిరా? థూ!"

మా నాయన వంగి, పక్కన పడి ఉన్న కట్టె తీసి అవ్వ చేతికిచ్చాడు. నా సంగతి ఆయనకన్నా అన్యాయం. మామ ఇంట్లో ఆ మగ్గం ఎదురుగా కూర్చుని వందసార్లు కాఫీ తాగాను. చీర అంచు చూశాను, కొంగు చూశాను, జరీ చూశాను, బాగుంది మామా అన్నాను. ఆయన కాళ్ళు ఎక్కడున్నాయని ఒక్కసారి కూడా చూడలేదు. మామకు తెలిసిన యంత్రం ప్రపంచంలో ఒక్కటే. చీర చుట్టినా చెట్టు చుట్టినా ఆయనకు కూర్చునేది గుంతలోనే, తన్నిపెట్టేది గుంత గోడకే. అది మాకు చెప్పాలని ఆయనకు తోచలేదు. నేత ఇంటివాళ్ళం కదా, చూస్తే తెలుస్తుందనుకున్నాడు.

మిగిలిన ఏర్పాటంతా గంటలో అయిపోయింది. మామ గోనె విప్పితే బయటపడింది ఈ కొయ్యే. దాన్ని రెండు వేపదుంగల గాడుల్లో పడుకోబెట్టాడు. కొయ్య చివర ఇనుప చువ్వ దూర్చే బెజ్జాలు ఉంటాయి. చీర నేసినంతమేరా చువ్వతో కొయ్యను పావు చుట్టు తిప్పి, ఆ చువ్వనే నేలకు ఆనించి బిగిస్తారు. ఇక్కడా అదే. గట్టు అంచున వేపచెట్టుకు గిలక కట్టి, మోకును దానిమీదుగా వంకలోకి వదిలాడు. ట్రాక్టరు పెట్టిన రోజే మా నాయన రంపంతో మూడు ముక్కలు చేయించి పెట్టిన మానులో ఒకదానికి కట్టాడు. గట్టు వాలుకు తడిపిన నీలగిరి కొయ్యలు పరిచాడు. అప్పుడు గుంతలో కూర్చుని, కాళ్ళు గోడకు తన్నిపెట్టి, పొడుగాటి గడ్డపారను బెజ్జంలో దూర్చి వెనక్కి వాలాడు. కొయ్య కిర్రుమంది. పావు చుట్టు. రెండో బెజ్జంలో చువ్వ, నేలకు ఆనింపు, మళ్ళీ గడ్డపార. పావు చుట్టు. ట్రాక్టరుకు లొంగని మాను, బరువైన నిద్ర నుంచి లేచినట్టు, ఒక జానెడు కదిలింది. బరువులు లాగే అట్లాంటి యంత్రాన్ని ఇంజనీర్లు వించ్ అంటారని తర్వాత ఎవరో చెప్పారు. మామ ఆ రోజు దాన్ని లాగుడు మగ్గం అన్నాడు. అది కూడా కానిస్టేబులు మరీ మరీ అడిగితే.

బంగారం కొయ్యగా మారడం చూసి సగం జనం నిట్టూర్చి వెళ్ళిపోయారు. మిగతా సగం మోకు పట్టారు. కానిస్టేబులు టోపీ అవ్వ తలకు పెట్టి తనూ ఒక పట్టు పట్టాడు. చిన్నాయన ఆ ఫోటో కూడా తీశాడు గానీ, దాన్ని గ్రూపులో పెట్టలేదు. సాయంత్రానికి మూడు దుంగలూ గట్టు మీద ఉన్నాయి. మా నాయన వంకాయ కూర చేయించి, మామ విస్తట్లో రెండుసార్లు నెయ్యి పోశాడు. ఆయనకు తెలిసిన క్షమాపణ అదొక్కటే. నెయ్యి విషయంలో ఆయన ఎంత పిసినారో తెలిసినవాళ్ళకు అది చాలా పెద్ద క్షమాపణ. మామ "ఊ" అన్నాడు. అది మంచి ఊ అనే అందరం అనుకున్నాం.

కథ ఇక్కడితో ఆగి ఉంటే నేను ఇదంతా రాయను. మర్నాడు పొద్దున దుంగలను ట్రాక్టరుకెత్తించి, ఎండ నెత్తికెక్కాక మామ ముందర కూర్చుని ధర్మవరానికి బయలుదేరాడు. పోతూ, "గుంత పూడ్చండి, గొర్రెలు పడతాయి" అన్నాడు. ఆ పని మా నాయన నాకు అప్పగించాడు. సెలవు పెట్టుకున్నాను కాబట్టి వద్దనే వీల్లేదు. మిట్టమధ్యాహ్నం, పొలంలో మనిషి లేడు. పార పట్టుకుని గుంత అంచున నిలబడ్డాను. లోపల, ఆ గడ్డపార ఖంగుమన్న చోట, చిన్న మరక లాంటి గీత కనిపించింది. చాలు. ఆ మాట మళ్ళీ గుచ్చుకుంది. మగ్గం గుంత నిజమే, అవ్వ చెప్పింది నిజమే, మాను వచ్చింది, అంతా నిజమే. కానీ ఖంగుమన్నది మాత్రం ఏమిటి? అంత పెద్ద పొలంలో సరిగ్గా ఈ చోటే ఎందుకు ఎంచుకున్నాడు? దుంగలతో పాటు సంచి కూడా కొంచెం బరువుగా ఎత్తినట్టు లేదూ? ఉప్పు రుచి చూసి దుడ్లిచ్చే మనిషి కొడుకునే కదా నేను. చుట్టూ ఒకసారి చూసి, గుంతలోకి దిగి, మా నాయన గడ్డపార తీసుకుని, ఇంకో మూరెడు తవ్వాను.

రాయి ఉంది. మామూలు, మొండి, పెనుకొండ రాయి. దాన్ని పక్కకు పెకలించి దాని కింద కూడా చేయి పెట్టి చూశాను. అక్కడ ఇంకో రాయి ఉంది. నా చొక్కా చెమటకు అంటుకుపోయి ఉండగా, గుంతలో నా చేతుల మీద ఒక నీడ పడింది. మామ. వేపచెట్టుకు కట్టిన గిలక మరిచిపోయాడట. ట్రాక్టరును రోడ్డు మీద ఆపి వెనక్కి నడిచి వచ్చాడు. నేను గుంత అడుగున మోకాళ్ళ మీద ఉన్నాను. తవ్విన కొత్త మన్ను పక్కనే కుప్పగా ఉంది. పూడ్చేవాడు మన్ను లోపలికి వేస్తాడు, బయటికి వేయడు. ఎండ గురించి కూడా నోరు రాలేదు.

మామ గుంతలోకి చూశాడు. నన్ను కాదు, అడుగును చూశాడు. పాత నేర్పరి కొత్త పనివాడి పని చూసినట్టు, తల కొంచెం పక్కకు వంచి చూశాడు. "లోతు ఎక్కువైతే కాళ్ళు అందవప్పా" అన్నాడు. అంతే. పోయి, గిలక విప్పుకుని, భుజాన వేసుకుని, చెమ్మ ఆరని గట్టు మీదుగా నడుచుకుంటూ పోయాడు.

ఆ నేరేడు కాళ్ళ మీద మామ మగ్గం మళ్ళీ నిలబడింది. టిఫిన్ క్యారియరు అటక ఎక్కింది. మొదటి చీర మా ఇంటావిడకే నేసి ఇచ్చాడు, నేరేడుపండు రంగులో. మా నాయన పోయాడు, అవ్వ అంతకు ముందే పోయింది. ఇద్దరికీ నా సంగతి తెలియదు. మామ ఎవరికీ చెప్పలేదని నాకు తెలుసు, తెలిసినా ఈ పదేళ్ళూ నమ్మలేకపోయాను. పండగకు పంచె చేతిలో పెడుతూ నవ్వితే, ఎందుకు నవ్వాడా అని ఇంటికొచ్చేదాకా ఆలోచించేవాణ్ణి. మా ఇంటావిడతో ఫోనులో మాట్లాడుతూ మధ్యలో గొంతు తగ్గిస్తే, నేను వరండాలో పేపరు తిప్పడం ఆపేసేవాణ్ణి. కాఫీ తాగడానికి ఆ మగ్గం ముందు కూర్చున్నప్పుడల్లా చీర మీద చూపు నిలిచేది కాదు, కిందికి, గుంతలోకి జారేది. అక్కడ ఆ పాదాలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదిగా ఆడుతుండేవి.

పోయిన నెల మేం వెళ్ళేసరికి మగ్గం విప్పేసి ఉంది. నేరేడు కాళ్ళను గోడకు ఆనించి పెట్టారు. పదేళ్ళు మట్టిలో ఉన్న అడుగు భాగం తుడిస్తే నిన్న చెక్కినట్టుంది. మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు, రెండు మోకాళ్ళకూ గుడ్డ కట్టుకుని. "మగ్గం ఎందుకు తీసేసినారు మామా?" అని అడిగాను. ఈ వయసులో నాకు ఆ మాత్రం అడిగే ధైర్యం వచ్చింది.

"గుంత లోతైపాయనప్పా" అన్నాడు. "కాళ్ళు అందవు."

మా ఇంటావిడ, "అదేంది నాయనా, గుంత అట్లే ఉండాది గదా" అంది. మామ నా వైపు చూశాడు. పెద్ద నవ్వేమీ కాదు, కళ్ళ దగ్గర కొంచెం ముడత. "మీ ఆయప్పను అడుగు. గుంతల సంగతి ఆయప్పకు తెలుసు" అన్నాడు. ఆ తర్వాతే ఈ కొయ్యను నాకు ఇవ్వమన్నాడు. మా ఇంటావిడ అప్పటినుంచి నన్ను చూస్తున్న చూపు, బస్సు కండక్టరు చూపు కన్నా ఏమంత మేలుగా లేదు.

అందరూ భోజనాలకు లేచాక నేను ఒక్కణ్ణే ఆ గుంత అంచున కూర్చుని కాళ్ళు దించి చూశాను. పాదాలు అడుగుకు ఆనాయి. లోతు ఎప్పటిదో అదే. ఎవరూ తవ్వలేదు. అయినా మామ అబద్ధం చెప్పలేదని, ఆయన మోకాళ్ళను చూశాక, నాకు అర్థమైంది. కాలం కూడా నాలాంటిదే. చాలు అన్నచోట ఆగదు. ఎవరూ చూడటం లేదనుకుని దిగి, ఇంకో మూరెడు తవ్విపోతుంది.